సాయంత్రం గీసిన పాదాలు

గత శుక్రవారం పొద్దున మా కిందింటావిడ కన్నుమూసింది. డెబ్బై తొమ్మిదేళ్ళు. కరోనా కాదు, గుండె. ఈ రెండేళ్ళుగా ఎవరు పోయినా అడక్కముందే ఆ ముక్క చెప్పాల్సి వస్తోంది కనక చెప్పేశాను.

ఆదివారం ఇక్కడి జర్మనీలో మన జిండెల్ఫింగెన్ తెలుగువాళ్ళందరూ జూమ్‌లో కలిసి ఆవిడకి నివాళి అర్పించారు. మనవాళ్ళలో చాలామందికి ఆవిడ మాస్కులు కుట్టిపెట్టింది. గుర్తుపెట్టుకున్నందుకు సంతోషం. కాకపోతే మన సంఘం కార్యదర్శిగారు ఆవిణ్ణి "ఆఫ్రికాలోని పేదలకు పాదరక్షలు దానం చేసిన మహాతల్లి" అన్నారు. ఆ సమయానికి నా మైకు మూసి ఉంది. మూసింది మా మనవరాలు, నా మొహం చూసి. అందుకని ఇక్కడ రాస్తున్నాను. కార్యదర్శిగారూ, ఆవిడ పేదలకు ఇవ్వలేదు. దానం అసలే చెయ్యలేదు. పని చేసేవాళ్ళకి పనిముట్లు పంపింది. ఇక మహాతల్లి అని మీరు ఎదురుగా అని ఉంటే, ముందు వెళ్ళి మెట్లు తుడిచి రమ్మనేది.

ఆవిణ్ణి ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. ఆవిడ నర్సు. వయసులో ఉండగా జాంబియాలో, లుసాకా నగరం అంచున ఒక పేద బస్తీలో చాలా ఏళ్ళు పనిచేసింది. రిటైరై ఇక్కడికి వచ్చి మా కింద ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఆ బస్తీలో పదకొండుమంది ఆడవాళ్ళు గడప గడపకీ తిరుగుతారు. మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్ళే. క్షయ ఉన్నవాళ్ళు మాత్రలు మింగారో లేదో చూడటం, గర్భిణుల్ని ఆస్పత్రికి బయల్దేరదీయడం, తాగే నీళ్ళలో క్లోరిన్ చుక్కలు వేయించడం, పసిపిల్లల్ని తూచడం. జీతం లేదు. తెల్లవారకముందే టమోటాలో, బొగ్గో అమ్ముకుని, ఆ తర్వాత ఈ పనికి వస్తారు. పేరు మాత్రం ఘనంగా స్వచ్ఛంద కార్యకర్తలు. ఆ మాటంటే ఆవిడకి ఒళ్ళు మండేది. "ఇష్టపడి చేస్తున్నారు కదా అని, ఇవ్వాల్సింది ఎగ్గొట్టడానికి కనిపెట్టిన మాట అది" అనేది. పోతూ పోతూ ఆ మంట నాకు అంటించి పోయింది. ఈ వ్యాసంలో ఎక్కడైనా సెగ తగిలితే అది ఆవిడదే.

మేమిద్దరం కలిసింది సఖ్యంగా కాదు. మా అమ్మాయి ఇక్కడి కార్ల ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. రెండువేల ఇరవై ఫిబ్రవరిలో, మూడు నెలలకని నేను కాకినాడ నుంచి వచ్చాను. ముందు విమానాలు ఆగిపోయి, తర్వాత నా మోకాలికి ఆపరేషనై, వీసా పొడిగించుకుంటూ ఉండిపోయాను. విమానాలు ఆగిన వారమే ఆవిడ మా గంట నొక్కింది. చేతిలో "కేర్‌వోఖె" అని రాసిన చెక్క పలక. ఈ ప్రాంతంలో అద్దెకుండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ పలక ఎవరి తలుపుకి వేలాడితే ఆ వారం మెట్లు ఊడ్చి తుడిచే వంతు వాళ్ళది.

"మీ వారం" అంది. "పోయినసారి మీ అమ్మాయి మూలలు వదిలేసింది."

"రోజూ వాకిలి కడిగి ముగ్గేసిన చేతులండీ ఇవి. నాకు ఊడవడం నేర్పక్కర్లేదు."

"అయితే మూలలు ఎక్కడుంటాయో మీకు తెలిసే ఉంటుంది" అని పలక నా చేతిలో పెట్టి దిగిపోయింది.

మా ఇద్దరి మాటలూ ఇంగ్లీషులోనే. ఆవిడది ఆస్పత్రి ఇంగ్లీషు. నాది ఆడపిల్లల కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు వృక్షశాస్త్రం చెప్పిన ఇంగ్లీషు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కనక ఇద్దరం కాస్త మర్యాదస్తుల్లా కనిపిస్తే నమ్మకండి.

ఆ వారం నేను మూలలు పిన్నీసుతో గీకి మరీ తుడిచాను. ఆవిడ వచ్చి వంగి చూసి, లేచి, "మీకు గుడ్డ కత్తిరించడం వచ్చా?" అంది. అలా మాస్కుల పనిలో చేరాను. ఆవిడ మిషను తొక్కితే నేను కత్తిరించేదాన్ని.

మొదటిరోజు ఆవిడ వంటింట్లో అడుగు పెట్టబోయి గుమ్మంలోనే ఆగిపోయాను. అల్మారా తలుపుల నిండా కాగితాలు. ఒక్కో కాగితం మీద పెన్సిలుతో గీసిన రెండు పాదాలు. లెక్కపెడితే పదకొండు. మా వైపు పెద్దవాళ్ళు పోయినప్పుడు పాదాలకి పసుపు రాసి తెల్లగుడ్డ మీద అద్ది దాచుకుంటాం. నాకు తట్టింది అదే. ఒక్క మనిషికి పదకొండు చావులా అని కళ్ళనీళ్ళు తిరిగి, ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఎలా తట్టుకున్నారండీ" అన్నాను.

ఆవిడ నన్నూ కాగితాల్నీ మార్చి మార్చి చూసింది. నేను మా ఆచారం చెప్పాక కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. "అందరూ బతికే ఉన్నారు. వాళ్ళకి కావలసింది కన్నీళ్ళు కాదు, ముప్ఫై తొమ్మిదో సైజు."

విషయం ఏమిటంటే, ఆ పదకొండుమందికీ తమ సైజు తెలీదు. ఎప్పుడూ సంతలో గుట్టపోసి అమ్మే పాత జోళ్ళలో దొరికింది వేసుకున్నవాళ్ళే. ఒకప్పుడు ఇక్కడి నుంచి ఎవరో పుణ్యాత్ములు ఒక పెద్ద పెట్టె పంపారట. తెరిస్తే ఎత్తుమడమల జోళ్ళు, పెళ్ళిలో వేసుకునే తెల్లబూట్లు, ఎడమకాలిది ఒక్కటే స్కీ బూటు. జాంబియాకి స్కీ బూటు! అది కూడా ఒంటిది. దాన్ని ఆ బస్తీవాళ్ళు క్లినిక్కు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. ఇప్పటికీ ఆ పని చేస్తోందిట. ఆ పెట్టెలో అక్కరకొచ్చింది అదొక్కటే.

అప్పటినుంచి ఆవిడ పద్ధతి మార్చింది. ప్రతి మనిషీ కాగితం మీద నిలబడి పాదాలు గీయించుకుని పంపాలి. దానికో నియమం. సాయంత్రమే గీయాలి, రోజంతా తిరిగి వచ్చాక, పాదాలు వాచి ఉన్నప్పుడు. "పొద్దున గీసిన పాదం అబద్ధం చెబుతుంది" అనేది. ఆ కాగితాలు పట్టుకుని స్టేషను దగ్గర జోళ్ళ దుకాణానికి వెళ్ళేది. బూటుని గీత మీద నిలబెట్టి, ముందు బొటనవేలంత ఖాళీ చూసి కొనేది. ఏడాదికోసారి, వానలకి ముందు పంపేది. ప్రతి కాగితం కిందా ఆ మనిషి చేసే పని జర్మన్‌లో రాసి ఉండేది. నీళ్ళు. గర్భిణులు. పసిపిల్లలు. క్షయ మాత్రలు.

ఆ చలికాలం మొదటి మంచు పడ్డ రోజు నేను మేజోళ్ళ మీద చెప్పులేసుకుని చెత్త పారేయడానికి దిగాను. ఆవిడ నా కాళ్ళకేసి చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, కాగితం నేల మీద పరిచి నిలబడమంది. తను మోకాళ్ళ మీద కూచుని నా మడమ పట్టుకుని, బొటనవేలు దగ్గర గీత మొదలుపెట్టింది. నేను చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాను. నాకంటే ఏడేళ్ళు పెద్దది, నా పాదం పట్టుకోవడమేమిటి? అపచారం కదా.

"పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు ముట్టుకోకూడదు" అన్నాను.

"నేను నలభయ్యేళ్ళు ముట్టుకున్నవి అవే. కదలకండి, వంకర పోతుంది."

మూడోరోజుకి బూట్లు వచ్చాయి. అప్పటిదాకా నా కాలికి అంత సరిపోయిన జోడు ఎవరూ కొనిపెట్టలేదు. పెళ్ళిలో కొన్నవాటితో సహా.

గురువారం మధ్యాహ్నాలు వీడియో కాల్. అటు పదకొండుమందీ ఒక చెట్టు నీడలో ఒకే ఫోను ముందు కూచునేవారు. ఇటు మేమిద్దరం. వాళ్ళు ఆవిణ్ణి "అంబుయా" అనేవారు, వాళ్ళ మాటలో అమ్మమ్మ. ఎంతమంది రోగుల్ని చూశారని ఆవిడ ముందు అడిగేది కాదు. "తిన్నారా? బూటు ఎక్కడైనా కరుస్తోందా?" అనే అడిగేది. రోగుల సంగతి ఆ తర్వాతే. ఒకసారి ఎందుకలా అన్నాను. "రోగుల లెక్కలు అందరూ అడుగుతారు. వీళ్ళని అడిగేవాళ్ళే లేరు" అంది.

వాళ్ళలో పెద్దావిడ క్షయ మాత్రలావిడ. ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు, చిన్నప్పుడు గొడ్డలి పడిందట. ఆవిడ బూటులో ఆ ఖాళీలోకి మా కిందింటావిడ దళసరి ఉన్ని గుడ్డ మడిచి కుట్టేది. ఆ మనిషికి నాతో భలే వేళాకోళం.

"ఇండియా అంబుయా! నీ మోకాళ్ళ చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. నూనె లేదా మీ ఇంట్లో?"

"ఉందమ్మా, వంటకి సరిపోతోంది. నీ దగ్గరుంటే పంపు."

"నేను రోజంతా తిరుగుతాను, నాకు చప్పుడు లేదు. నువ్వు రోజంతా కూచుంటావు. అదీ జబ్బు."

నేను పకపకా నవ్వితే మా మనవరాలు పైనుంచి "అమ్మమ్మా, లౌట్!" అని అరిచేది. గోల తగ్గించమని.

కరోనా కొత్తలో ఇక్కడ సాయంత్రాలు బాల్కనీల్లో నిలబడి నర్సుల కోసం చప్పట్లు కొట్టారు. మన దేశంలో పళ్ళేలు కూడా మోగించారు. కిందింటావిడ తన కిటికీ ఠపీమని మూసేది. లుసాకాలో మా పదకొండుమందికి ఒక సంస్థ నుంచి పోస్టరూ, తలో సర్టిఫికెట్టూ వచ్చాయి. "మీరే మా వీరులు" అని రంగుల్లో. క్లినిక్కుకి మంచి మాస్కులు కూడా వచ్చాయి, కానీ అవి సిబ్బందికి. వీళ్ళు సిబ్బంది కారు. వీళ్ళకి మేము కుట్టి పంపిన గుడ్డవే. క్షయ మాత్రలావిడ సర్టిఫికెట్టు ఫోను ముందు పట్టుకుని చూపించింది. "వీరులకి బూట్లక్కర్లేదని కాబోలు, సైజు అడగలేదు" అంది. అందరూ విరగబడి నవ్వారు. కిందింటావిడ నవ్వలేదు. కాల్ అయ్యాక నాతో, "మెచ్చుకోవడానికి ఏం పోయింది? కొలత తీసుకోమను, వంగాలి కదా" అంది.

మరుసటి ఏడు వసంతంలో ఆవిడ పొద్దున్నుంచీ ఫోను పట్టుకుని కూచుని నాకు టీకాకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, సంపాదించింది. పెద్ద హాలు, నేల మీద బాణం గుర్తులు, చాక్లెట్టు కూడా ఇచ్చారు. అదే రోజుల్లో మన వాట్సాప్ గ్రూపులో ఏం నడిచిందో గుర్తుందా? నేను మర్చిపోలేదు. "ఆ కంపెనీది వద్దు, ఈ కంపెనీది వచ్చేదాకా ఆగుదాం" అని వారాల తరబడి చర్చ. పట్టుచీరల దుకాణంలో కూడా అంత ఎంచుకోరు. ఒకాయన, పేరెందుకులెండి, రెండు చోట్ల టెర్మిన్ పెట్టుకుని ఒకదానికి వెళ్ళనే లేదు. అడిగితే "వేస్ట్ అయితే అయింది ఆంటీ" అన్నాడు.

నేనేం తక్కువ తినలేదు. ఆ గురువారం కాల్‌లో భుజం నెప్పి అని మూలిగాను.

"నెప్పా?" అంది క్షయ మాత్రలావిడ. "మంచి నెప్పే. అది మాకెప్పుడు వస్తుందో కాస్త కనుక్కుని చెప్పు."

వాళ్ళ క్లినిక్కుకి మొదట వచ్చిన కాసిని టీకాలు జాబితా ప్రకారం వేశారు. జాబితా సిబ్బందిది. రోగి గుమ్మం తొక్కేటప్పుడు సిబ్బంది, సూది దగ్గరికి వచ్చేసరికి స్వచ్ఛందం. మా కిందింటావిడ ఆ నెల రాసిన ఉత్తరాలు ఎన్నో. ఇక్కడి ఆఫీసులకి, అక్కడి ఆఫీసులకి. జవాబులన్నీ మర్యాదగానే వచ్చాయి. "మీ ఆందోళనను అర్థం చేసుకున్నాం" అని. నాకు ఆ వాక్యం తిట్టు కంటే నీచంగా వినిపిస్తుంది.

జూలైలో ఒక గురువారం చెట్టుకింద పదిమందే ఉన్నారు. నీళ్ళావిడ ఫోను పట్టుకుంది. "అంబుయా, ఆమె సోమవారం పోయింది. దగ్గు వచ్చింది. ఆక్సిజన్ దొరకలేదు" అంది. అంతే.

కిందింటావిడ, "ఆమె వీధులు ఎవరు చూస్తున్నారు?" అని అడిగింది.

"పంచుకున్నాం. నాకు రెండు, పసిపిల్లలామెకి మూడు."

"ఆమె బూట్లు?"

"ఎవరికీ సరిపోలేదు. ఎడమది బిగుతు. ఆమెతోనే పంపేశాం."

కాల్ ఆగిపోయాక ఆవిడ లేచి అల్మారా తలుపు మీద ఉన్న ఆ కాగితం ముందు నిలబడింది. ఎడమ పాదానికి నాలుగు వేళ్ళ గీత. నావైపు తిరక్కుండానే, "మీరు చెప్పారే, పసుపు. మీ ఇంట్లో ఉందా?" అంది.

పైకి వెళ్ళి తెచ్చాను. నీళ్ళలో కలిపి, ఇద్దరం వేళ్ళతో ఆ గీతల లోపలంతా పసుపు అద్దాం. ఏడాది కిందట బతికున్న మనిషికి పొరపాటున సంతాపం చెప్పి నవ్వులపాలయ్యాను. ఆ పొరపాటు అలా పొరపాటుగానే ఉండిపోతే ఎవడి సొమ్ము పోయేది? ఒక్క సూది. నా భుజానికి రెండు పడ్డాయి, ఇంట్లో కూచుని టీ తాగే నా భుజానికి. ఆ క్షయ మాత్రలావిడ దగ్గుతున్న మనుషుల నోట్లో మాత్రలు వేసి వచ్చేది. మన గ్రూపులో ఆయన వదిలేసిన ఆ టెర్మిన్ లుసాకా చేరేది కాదని నాకూ తెలుసు, ఆ లెక్కలు నాకు చెప్పక్కర్లేదు. తెలిసినా కోపం తగ్గడం లేదు. తగ్గాలని కూడా నాకు లేదు.

ఆగస్టు నుంచి కిందింటావిడ గుండె మొరాయించింది. మంచం, ఆస్పత్రి, మళ్ళీ మంచం. ఈ ఏడు బూట్లు వెళ్ళలేదు. అక్కడ వానలు మొదలైపోయాయి. పదకొండుమంది వీధులు పదిమంది తిరుగుతున్నారు, పోయినేటి బూట్లతో. చివరి గురువారం ఆవిడ పడుకునే మాట్లాడింది. కాల్ పెట్టేశాక నాతో అన్నది ఒకటే. "కాగితాలు మీరు తీసుకోండి. మా తమ్ముడి కొడుక్కి అవి చిత్తు కాగితాల్లా కనిపిస్తాయి."

ఈ శనివారం ఆ తమ్ముడి కొడుకు ఇల్లు ఖాళీ చేయిస్తున్నాడు. మంచివాడే. తాళం ఇస్తే వెళ్ళి అల్మారా తెరిచాను. బయటి తలుపుల మీద పది కాగితాలు, ఒక పసుపు కాగితం. లోపలి తలుపు మీద ఇంకొకటుంది, నేను ఎప్పుడూ చూడనిది. నా పాదాలే. బొటనవేలు దగ్గర నేను కాలు లాక్కున్నప్పుడు పడ్డ వంకర గీత అలాగే ఉంది. అందరికీ రాసినట్టే కింద నా పని కూడా రాసింది. మనవరాలిని పిలిచి చదివించాను.

"‘మాటలు’ అని ఉంది అమ్మమ్మా" అంది.

నిజమే. రెండేళ్ళలో నేను చేసిందల్లా అదే. ఇప్పుడూ అదే చేస్తున్నాను. అందుకే ఇక్కడితో ఆపి పని చెబుతాను.

మొన్న కార్యదర్శిగారు నాకు ఫోన్ చేశారు. "ఆంటీ, ఆమెది ఒక మంచి ఫొటో ఉంటె పంపుండ్రి. దండ ఏసినట్టు పోస్టర్ చేపిస్త."

"ఫొటో లేదు నాయనా. పాదాలు పంపిస్తాను."

"అంటే... ఆంటీ?"

అంటే ఇది. మీ పోస్టుపెట్టెలో ఒక కవరు వేశాను. అందులో "గర్భిణులు" అని రాసిన కాగితానికి నకలు ఉంది. అసలుది నా దగ్గరే ఉంటుంది. మిగతా తొమ్మిదింట్లో ఎనిమిది ఇంకో ఎనిమిది ఇళ్ళకి వెళ్ళాయి, ఎవరెవరికో వాళ్ళకి తెలుసు. తొమ్మిదోది నాది. మీరు రేపు స్టేషను దగ్గర జోళ్ళ దుకాణానికి వెళ్ళండి. గుమ్మంలో టీకా సర్టిఫికెట్టు అడుగుతారు. అది లేకుండా ఈ రోజుల్లో ఇక్కడ జోళ్ళు కూడా కొనుక్కోలేం కదా. తీసి చూపించండి. చూపిస్తూ ఆ కాగితం ఎవరిదో ఒక్కసారి గుర్తు చేసుకోండి. నల్లవి, తాళ్ళు కట్టుకునేవి, రబ్బరు అడుగు. తెల్లవి వద్దు, అక్కడంతా బురద. బూటుని గీత మీద నిలబెట్టండి, ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. దుకాణంలో అమ్మాయి సైజు ఎంత అంటుంది, చెప్పకండి, కాగితం చూపించండి. లోపల రెండు జతల దళసరి మేజోళ్ళు కుక్కి, అట్టపెట్టె అక్కడే వదిలేసి, శుక్రవారం సాయంత్రం ఆరులోపు మా ఇంటికి తెండి. కాగితం పారేయకండి, బూట్లతోపాటే ఇవ్వండి. వచ్చేటప్పుడు కింద పట్టా మీద కాళ్ళు బాగా తుడుచుకుని మరీ ఎక్కండి. ఈ వారం ఆవిడ వంతు, ఆ పలక ఇప్పుడు మా తలుపుకే ఉంది.